"నీకెంత కావాలి?": ఇల్లు అమ్మేటప్పుడు బ్రోకరు, వెబ్‌సైటు, మనం

2011లో మా నాన్న ఇల్లు అమ్మాడు. గుంటూరు జిల్లాలో మా ఊరి పల్లె మొదట్లో, రోడ్డు మీదికి ఐదు సెంట్ల స్థలం, అందులో రెండు గదుల పెంకుటిల్లు. అది ప్రభుత్వమిచ్చిన పట్టా స్థలం కాదు. మా తాత పాలేరుగా పనిచేసి, కడుపు కట్టుకుని కొన్న రిజిస్టరు స్థలం. అమ్మకు ఆపరేషను చేయించాల్సి వచ్చింది. మేము అప్పుడు ఎం.ఏ. చదువుతున్నాం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు గనక కాయితం వ్యవహారమంతా మాకు తెలుసని నాన్న నమ్మకం. మాకేమీ తెలియదని మాకు తెలుసు.

బ్రోకరు మా ఊరివాడే. వయసు ముప్పై దాటదు. నాన్నకు అరవై దగ్గరపడ్డాయి. "నీకెంత కావాలో చెప్పవయ్యా. నీ చేతికెంత రావాలి? మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. "ఆరు లక్షలు ఇప్పించండి బాబూ" అన్నాడు నాన్న. వారం తిరక్కుండానే బయానా వచ్చింది. రిజిస్ట్రేషను రోజున ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర కొన్నవాళ్ల ఇంటావిడ మాతో అన్నది: "ఎనిమిదీ ఇరవై పోసి కొంటున్నాం. కరెంటు మీటరన్నా మా పేరు మీదికి మార్పించి ఇవ్వకూడదా?" అప్పటికి నాన్న లోపల వేలిముద్రలు వేసి వచ్చాడు. పైన రెండు లక్షల ఇరవై వేలు బ్రోకరు జేబులోకి పోయినయ్. అది చాలదన్నట్టు మా ఆరు లక్షల మీద రెండు శాతం కమీషను, పన్నెండు వేలు, మళ్లీ మా దగ్గరే తీసుకున్నాడు. అమ్మ ఆపరేషనుకు అయిన ఖర్చు రెండు లక్షల లోపే.

ఇప్పుడు కాలం మారింది, ఫోనులో ఫోటో పెడితే కొనేవాళ్లే నేరుగా వస్తారు, దళారీ పీడ వదిలిందని అంటున్నారు. మన కుటుంబాల్లోనూ చదువుకున్న పిల్లలున్నారు, చేతిలో ఫోనుంది. మరి ఇల్లో, ప్లాటో అమ్మాల్సి వచ్చినప్పుడు బ్రోకరును పట్టుకోవాలా, వెబ్‌సైటులో పెట్టుకోవాలా? ఈ ప్రశ్న అందరిదీ. కాని మనకు ఇందులో పణంగా పెట్టేది వేరు. నాలుగు ఆస్తులున్నవాడు ఒకటి తక్కువకు అమ్మితే ఇంకోదాంట్లో రాబట్టుకుంటాడు. మనకు ఉండేది ఒక్కటే. అది పోతే మళ్లీ కొనేది మన మనవలేనేమో. అందుకే ఈ సంగతిని కొంచెం వివరంగా చూద్దాం.

బ్రోకరు ఏం చేస్తాడు?

బ్రోకరు పెట్టుబడి డబ్బు కాదు, సమాచారం. ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నారు, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, ఎవరి దగ్గర డబ్బు మూలుగుతోంది, ఏ స్థలం మీద అన్నదమ్ముల తగాదా ఉంది - ఇవన్నీ అతనికి తెలుసు. మనిషిని తెస్తాడు, బేరం కుదురుస్తాడు, దస్తావేజు రాసేవాణ్ణి చూస్తాడు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఏ బల్ల దగ్గరికి పోవాలో చెప్తాడు. ఇది నిజమైన పనే. పని అయితేనే డబ్బు అన్నది ఇందులోని సుగుణం. మన నగరాల్లో సాధారణంగా అమ్మేవాని దగ్గర ఒక శాతం, రెండు శాతం, కొనేవాని దగ్గర అంతే తీసుకుంటారు. ఇంతే తీసుకోవాలని చట్టమేమీ లేదు. బేరమాడుకోవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషనున్న ఏజెన్సీ అయితే ఆ కమీషను మీద 18 శాతం పన్ను అదనం.

ఇక్కడొక లెక్క గమనించాలి. యాభై లక్షల ఇంటికి ఒక శాతం అంటే యాభై వేలు. ఇంకో రెండు నెలలు ఆగితే రెండు లక్షలు ఎక్కువ వస్తుందనుకుందాం. మనకది రెండు లక్షలు. బ్రోకరుకు పెరిగేది రెండు వేలు. ఆ రెండు వేల కోసం అతను రెండు నెలలు ఆగడు. కాబట్టి మోసగాడు కానక్కర్లేదు, మంచి బ్రోకరు కూడా "వచ్చిన బేరం వదులుకోకండి" అనే అంటాడు.

ఇక నెట్ రేటు పద్ధతి. మా నాన్నను అడిగింది అదే. "నీ చేతికెంత రావాలి" అన్న ప్రశ్న ధరను అడగదు, అవసరాన్ని అడుగుతుంది. మన అవసరానికీ ఆ స్థలం విలువకూ సంబంధం లేదు. నెట్ రేటుకు ఒప్పుకున్న క్షణం నుంచీ బ్రోకరు మన మనిషి కాడు, మన దగ్గర కొనుక్కుని ఇంకొకరికి అమ్ముకునే వ్యాపారి. దీనికి తోడు చైను ఉంటుంది. పల్లెలో మన కుర్రాడొకణ్ణి ముందు పంపుతారు. అతని వెనక మండల కేంద్రంలో ఒకడు, వాడి వెనక టౌనులో ఒకడు. మన కుర్రాడికి దక్కేది బండికి పెట్రోలు, ఒక పూట బిర్యానీ. పేరు చెడేది మాత్రం అతనిదే.

వెబ్‌సైటు ఏం చేస్తుంది?

మన దేశంలో 99ఎకర్స్ 2005లో, మ్యాజిక్‌బ్రిక్స్ 2006లో, హౌసింగ్ డాట్‌కామ్ 2012లో, నోబ్రోకర్ 2014లో మొదలైనయ్. ఇవి ప్రధానంగా నోటీసు బోర్డులు. ఫోటోలు, కొలతలు, ధర, ఫోను నెంబరు పెడితే వెతికేవాళ్లకు కనపడుతుంది. మామూలు ప్రకటన ఉచితంగానే పెట్టుకోవచ్చు. పైవరసలో కనపడాలన్నా, వాళ్ల మనిషి ఫోన్లు చూసుకోవాలన్నా ప్యాకేజీ కొనాలి. బ్రోకరుకు పని అయ్యాక ఇస్తాం, ప్యాకేజీకి ముందే కడతాం. ఇల్లు అమ్ముడుపోకపోయినా ఆ డబ్బు పోయినట్టే. మీ హక్కు కాయితాలు సరిగా ఉన్నాయా, వచ్చినవాడు నికరంగా కొనేవాడేనా అన్న పూచీ ఆ ప్రకటనకు ఉండదు.

2022లో మా చిన్నాన్న హైదరాబాదులో ఘట్‌కేసర్ వైపున్న తన 150 గజాల ప్లాటు అమ్మాలనుకున్నాడు. మున్సిపాలిటీలో పారిశుధ్య పనిచేసి రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి కొన్నది. మేమే కూర్చుని వెబ్‌సైటులో పెట్టాం. మొదటి వారంలోనే నలభై దాకా ఫోన్లు. నాలుగైదు తప్ప అన్నీ బ్రోకర్లవే. బ్రోకరు లేకుండా అమ్ముకుందామని వెబ్‌సైటుకు పోతే బ్రోకర్లందరికీ ఒకేసారి నెంబరిచ్చినట్టయింది. అయినా మేలు జరగలేదని అనలేం. గజం పదహారు వేలకు మించదని వీధి చివరి బ్రోకరు చెప్పిన చోటే ఇరవై రెండు వేలకు ప్రకటనలున్నాయని కళ్లారా చూశాం. మా నాన్నకు 2011లో లేనిది ఇదే. వెబ్‌సైటు మనకు చేసే పెద్ద మేలు కొనేవాణ్ణి తేవడం కాదు, ధర చూపించడం.

అయితే ప్రకటనలో ఉండేది అమ్మేవాని కోరిక. అమ్ముడుపోయిన ధర కాదు. ఈ తేడా మరవకూడదు.

ధరలో కులం

మార్కెట్టుకు కులం లేదంటారు. 1917లో అంబేద్కర్ విదేశాల్లో చదువుకుని బరోడా ఉద్యోగానికి వస్తే ఆ నగరంలో ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరుతో పార్సీల సత్రంలో తలదాచుకుంటే అక్కణ్ణించీ వెళ్లగొట్టారు. వందేళ్ల తర్వాత కూడా కథ పూర్తిగా మారలేదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఫోనులో అడిగినా, స్వయంగా పోయి అడిగినా దళితులకూ ముస్లింలకూ అగ్రకులాలవాళ్లకంటే ఎక్కువగా లేదనడమో, కఠిన షరతులు పెట్టడమో జరిగిందని అది చూపింది. అది అద్దె గురించిన అధ్యయనం. అమ్మకంలో ఈ వివక్ష ఎట్లా పనిచేస్తుందో మేము మా అనుభవం నుంచే చెప్పగలం.

మొదటిది, చిరునామా. పల్లెలోని ఇంటికి ఊళ్లోవాళ్లు కొనడానికి రారు. కొనే మనవాళ్ల దగ్గర డబ్బుండదు. కొనేవాళ్లు తక్కువైతే ధర పడిపోతుంది. అదే పల్లె పక్కన బైపాసు పడితే, కాలేజీ వస్తే, అప్పుడు అంటు గుర్తుకురాదు. కాని ధర అడిగేటప్పుడు మాత్రం "ఎస్సీ కాలనీ గదా" అన్న మాట గుర్తుకొస్తుంది. కొనేటప్పుడు కాలనీ, అమ్మేటప్పుడు మెయిన్ రోడ్డు!

రెండోది, పేరు. వెబ్‌సైటు కులం అడగదు, నిజమే. కాని ఫోను చేసినవాడు అడుగుతాడు. "మీ ఇంటిపేరేంటండీ?", "మీరేవిట్లు?" చిన్నాన్న ప్లాటుకు ఫోను చేసిన ఒకాయన ధర, దిక్కు, కొలతలు అన్నీ నచ్చాయన్నాడు. ఇంటిపేరు విన్నాక "ఇంట్లో మాట్లాడి చెప్తా"నన్నాడు. మళ్లీ చెయ్యలేదు. ఇంకొకాయన చేశాడు, గజానికి మూడు వేలు తగ్గించి. ఖాళీ ప్లాటుకు అంటేమిటి? మట్టిలో ఏ కులం కనపడింది? ఆయన తగ్గించింది మట్టి ధర కాదు, మన బేరమాడే శక్తిని. ఈయనకు ఎవరూ ఎక్కువ ఇవ్వరన్న ధీమా అది.

బ్రోకరు ఈ కులాన్ని దాచగలడు, వాడుకోనూ గలడు. మన పేరు ముందే చెప్పకుండా స్థలాన్ని మాత్రమే చూపించి బేరం కుదిర్చినవాళ్లూ ఉన్నారు. "మీవాళ్లది ఎవరు కొంటారు, నేను గనక తెచ్చా" అని అదే కారణం చూపి ధర కోసినవాళ్లూ ఉన్నారు.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది?

రియల్ ఎస్టేట్ చట్టం, అందరూ రెరా అంటున్నది, 2016లో వచ్చింది. ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలని చెప్పింది. ఏ మాధ్యమం ద్వారానైనా అమ్మేవాణ్ణీ కొనేవాణ్ణీ కలిపేవాడు ఏజెంటే అని నిర్వచించింది. కాని ఆ రిజిస్ట్రేషను నిబంధన రెరాలో నమోదైన ప్రాజెక్టుల అమ్మకానికి సంబంధించింది. పల్లెలో మన పాత ఇంటి అమ్మకానికి ఆ గొడుగు అందదు. "నాకు రెరా నెంబరుంది" అంటే మంచిదే, అడగండి. దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మనకు ఎక్కువ అక్కరకొచ్చేది పాత చట్టమే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని ప్రకారం ఏజెంటు అడిగినప్పుడు లెక్క చెప్పాలి. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే అతనికి ప్రతిఫలం. యజమానికి తెలియకుండా తన సొంత లాభానికి వ్యవహారం నడిపితే ఆ లాభాన్ని యజమాని అడగవచ్చు. కాని రుజువు కావాలి. మేము నెట్ రేటుకు నోటితో ఒప్పుకున్నాం, కాయితం లేదు. చట్టం మా వైపు గట్టిగా నిలబడే చోటు మేమే వదులుకున్నాం. అందుకే కమీషను ఎంత శాతం, ఎప్పుడు ఇస్తాం, కొనేవాడు ఇచ్చే మొత్తం ధర ఎంతైనా మాకు చెప్పాలి - ఈ మూడు మాటలు తెల్లకాయితం మీదైనా రాయించి సంతకం తీసుకోవాలి. కనీసం ఫోనులో మెసేజి పెట్టించుకోవాలి.

నగదు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "పుస్తకం రేటుకు రిజిస్ట్రేషను, మిగతాది చేతికి" అంటారు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. ఇంకో నష్టం ఉంది, అది పల్లె మొత్తానికి తగులుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం నష్టపరిహారం లెక్కగట్టేది ప్రభుత్వ విలువ, చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల ధరలు చూసి. మనం తక్కువ రాయించిన ప్రతి దస్తావేజూ రేపు రోడ్డు కోసం మన పక్కింటి భూమి పోయినప్పుడు ఆ ఇంటి పరిహారాన్ని తగ్గిస్తుంది.

ముందు కాయితం, తర్వాత మనిషి

బ్రోకరా, వెబ్‌సైటా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: అమ్మే హక్కు మనకుందా? మన చేతుల్లో ఉన్న భూమిలో ఎక్కువ భాగం అసైన్డ్. 1977 చట్టం భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చేసిన సవరణ 20 ఏళ్లు దాటిన అసైనీలకు అమ్ముకునే హక్కిచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక అట్లా హక్కొచ్చిన భూముల రిజిస్ట్రేషన్లను ఆపి పరిశీలనకు పెట్టారు. కాబట్టి మీ సర్వే నెంబరు నిషేధిత జాబితాలో - 22-ఎ అంటారు - ఉందో లేదో ముందు చూసుకోవాలి. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషను శాఖల వెబ్‌సైట్లలోనూ చూడొచ్చు. జాబితాలో ఉన్న భూమిని "నేను చూసుకుంటా, జీపీఏ రాసివ్వు చాలు" అనే బ్రోకరుతో జాగ్రత్త. జీపీఏ మీద అమ్మకం హక్కును బదలాయించదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అట్లా సంతకం పెట్టినవాళ్ల చేతికి కొద్దిపాటి డబ్బొస్తుంది, భూమి చేజారుతుంది, కేసు మాత్రం మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత ఈసీ. మన స్థలం మీద ఎప్పుడెప్పుడు ఏ లావాదేవీ జరిగిందో చెప్పే కాయితం. 1983 తర్వాతివి సాధారణంగా కంప్యూటర్లో దొరుకుతయ్, అంతకు ముందువి ఆఫీసులో వెతికించాలి. వ్యవసాయ భూమి అయితే ఆంధ్రలో మీభూమిలో అడంగల్, 1-బి చూసుకోవాలి. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. తండ్రి పేరు మీద ఉంటే వారసులందరి సంతకాలు, ఆడపిల్లలవి కూడా, కావాలి. ఈ కాయితాలన్నీ జిరాక్సులే చూపించాలి. ఒరిజినల్ దస్తావేజు రిజిస్ట్రేషను రోజుదాకా ఇంట్లోంచి కదలకూడదు. చూసి ఇస్తానని తీసుకుపోయినవాడు దాన్నే తాకట్టుగా చేసుకుని ధర తగ్గించిన ఉదంతాలు మాకు తెలుసు. బెదిరించి భూమిలోంచి వెళ్లగొడితే అది అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆ చట్టం అత్యాచారం జరిగాక అక్కరకొస్తుంది, కాయితం ముందే కాపాడుతుంది.

మూడోది, ధర. దీనికి మూడు చోట్ల వెతకాలి. వెబ్‌సైటులో చుట్టుపక్కల ప్రకటనలు చూడండి, అది పై అంచు. రిజిస్ట్రేషను శాఖ చెప్పే మార్కెట్ విలువ, పక్క ప్లాట్ల ఈసీలో రాసిన ధర చూడండి, అది చాలాచోట్ల కింది అంచు. మధ్యలో అసలు ధర ఉంటుంది. దాన్ని తెలుసుకోడానికి ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల దగ్గరికి అమ్మేవాళ్లుగా కాకుండా కొనేవాళ్లుగా పోండి. "ఈ వీధిలో వంద గజాలు కావాలి, ఎంతుంది?" అని అడగండి. అమ్మేవానికి పదహారు వేలు చెప్పిన నోరే కొనేవానికి ఇరవై ఒక్క వేలు చెప్తుంది.

ఎవరిని ఎప్పుడు?

ఇవి చేతిలో ఉన్నాక ఎంపిక అంత కష్టం కాదు. నగరంలో అపార్టుమెంటు ఫ్లాటు, లేఅవుట్‌లో ప్లాటు, కాయితం శుభ్రంగా ఉంది, రెండు మూడు నెలలు ఆగగలం, ఫోన్లు మాట్లాడే మనిషి ఇంట్లో ఉన్నాడు - అట్లా అయితే వెబ్‌సైటులో ఉచిత ప్రకటనతో మొదలుపెట్టడం మేలు. ప్యాకేజీ ముందే కొనకండి. నెల చూశాక ఆలోచించండి. ఊళ్లో ఇల్లు, మండల కేంద్రంలో స్థలం, పొలం అయితే కొనేవాడు వెబ్‌సైటులో వెతకడం తక్కువ. అక్కడ బ్రోకరు తప్పదు. ఒక్కడికే అప్పజెప్పకుండా ఇద్దరు ముగ్గురికి చెప్పండి. శాతం మీదే మాట్లాడండి. నెట్ రేటుకు ఎంత తొందరున్నా ఒప్పుకోవద్దు. కొనేవాణ్ణి మీరు స్వయంగా కలవకుండా బయానా పట్టుకోవద్దు. మా నాన్న ఒక్కసారి కొనేవాళ్లతో కూర్చుని టీ తాగి ఉంటే ఆ రెండు లక్షల ఇరవై వేలు మా ఇంటికే వచ్చేవి.

అత్యవసరంలో ఏం చెయ్యాలి? ఆస్పత్రి ఆగదు గదా. అప్పుడు కూడా కాయితం, ధర తెలుసుకోడానికి మూడు రోజులు చాలు. అవసరం రాకముందే ఈసీ తీసి ఇనప్పెట్టెలో పెట్టుకున్న ఇంటికి ఆ మూడు రోజులు కూడా అక్కర్లేదు. మేము ఇప్పటికీ ఊరెళ్తే పల్లెలోవాళ్లు కాయితాలు తెస్తారు, చదివిపెట్టమని. ప్రతి పల్లెలో చదువుకున్న ఒకరిద్దరు ఈ పని నేర్చుకుంటే, పల్లెలో జరిగిన ప్రతి అమ్మకం ధర ఒక నోటుపుస్తకంలో రాసిపెడితే, బ్రోకరు దగ్గరున్న సమాచారంలో సగం మన దగ్గరికి వస్తుంది. దానికి వెబ్‌సైటు కూడా అక్కర్లేదు.

చిన్నాన్న ప్లాటు చివరికి గజం ఇరవై వేలకు, ముప్పై లక్షలకు పోయింది. కొన్నాయన వెబ్‌సైటులో చూసే వచ్చాడు. బ్యాంకు లోను పెట్టుకున్నాడు గనక డబ్బంతా చెక్కు, డీడీల మీదే వచ్చింది. కాయితాల పని చూసిన స్థానిక బ్రోకరుకు ఒక శాతం, ముప్పై వేలు, రిజిస్ట్రేషను అయ్యాక చిన్నాన్నే సంతోషంగా ఇచ్చాడు. బేరానికి ముందు ఆ బ్రోకరు కూడా అడిగాడు, "మీకెంత కావాలి పెద్దాయనా?" అని. పక్కన కూర్చున్న మా నాన్న అందుకున్నాడు: "మాకెంత కావాలన్నది మా ఇంటి సంగతి బాబూ. ఈ వీధిలో ఎంత పలుకుతోందో అది చెప్పు."